వన్స్ మోర్ అంటే వినేదెవరు?

మా రోజుల్ల ఆట చూడబోయినోడికి ఆటల ఒక పాలు ఉండేది. ఆడేటోడిది ముప్పావు, చూసేటోడిది పావు అనుకోండి. ఆ పావు ఎటు పోయిందో, ఎవరు మింగిన్రో తెల్వదు. ఇప్పుడు చూసేటోడి పని చాలా తేలిక. టికెట్టు మీదున్న నెంబరు కుర్చీ ఎతుక్కుని కూర్చోవాలె, చప్పట్లు కొట్టమన్నప్పుడు కొట్టాలె, దీపాలు వెలగంగనే లేచి పోవాలె.

ఇదే మాట హన్మకొండల అంటే ముసలాయన చాదస్తం అంటరు. అందుకే అమెరికాల చూసొచ్చి మరీ అంటున్న. మా కొడుకు న్యూజెర్సీల ఉంటడు. మనుమరాలు అక్కడ ఐసు మీద జారే ఆట నేర్చుకుంటున్నది. ఫిగర్ స్కేటింగ్ అంటరట. "ఒలింపిక్స్ ఆడినోళ్లే వస్తున్నరు బాపూ, ఊరూరు తిరిగి ఆడతరు. మనకాడికి సర్కస్ వచ్చినట్టే అనుకో" అని కొడుకు టికెట్లు కొన్నడు. వాడు సర్కస్ మాట ఎత్తకుంటే నేను ఇంత గులిగేటోణ్ని కాదు.

సర్కస్ వచ్చుడంటే ఏందో వానికేం తెలుసు? మా నాయనది కాజీపేట రైల్వేల కొలువు. అందుకని సర్కస్ రాబోతున్నదన్న సంగతి ఊరందరికన్న ముందుగాల మాకు తెలిసేది. గూడ్సు వ్యాగన్లల్ల డేరా గుడ్డలు, ఇనుప స్తంభాలు, బోన్లు దిగేవి. ఏనుగులు వరంగల్ స్టేషన్ నుంచి నడిచే పోయేవి, వాటి ఎనక మేము. ఇస్లామియా కాలేజీ మైదానంల డేరా లేపుతుంటే చూడటానికి టికెట్టు లేదు, గంటల తరబడి చూసేది. ఒక్క మేకు చుట్టూ నలుగురు నిలబడి, ఒకని తర్వాత ఒకడు సమ్మెట దించేటోళ్లు. లెక్క తప్పితే పక్కోని చెయ్యి పచ్చడే. ఎవడూ నోటితో లెక్కపెట్టేటోడు కాదు, దెబ్బల చప్పుడే వాళ్లకు తాళం. నన్నడిగితే సర్కస్‌ల మొదటి ఫీటు అదే. దానికి జోకరు లేడు, బ్యాండు లేదు.

ఆ రాత్రి నుంచి ఆకాశంల సెర్చిలైటు తిరిగేది. ధర్మసాగరం దిక్కు ఊర్లల్ల కూడా ఆ ఎలుగు చూసి, సర్కస్ దిగిందని ఎడ్లబండ్లు సిద్ధం చేసుకునేటోళ్లు. రిక్షాకు మైకు కట్టుకుని రంగుకాగితాలు ఎగజల్లుకుంట పోతుంటే, ఆ కాగితాల కోసం మోకాళ్లు దోక్కపోయేదాక ఉరికేటోళ్లం. రోజుకు మూడాటలు. నెలకు తక్కువ ఉండేటోళ్లు కాదు.

నెల రోజులు ఒకచోట ఉంటే ఏమైతది? వాళ్లు మన ఊరోళ్లైతరు. ఉయ్యాల ఫీట్లు చేసే పిల్ల పొద్దున మార్కెట్టుల బెండకాయలు బేరమాడేది. ఎక్కువమంది మలయాళపోళ్లే, తలశ్శేరి దిక్కు నుంచి వచ్చినోళ్లు. తెలుగు రాదు, వేళ్లతోనే బేరం. మా అమ్మ ఆ పిల్లకు అర్ధణా తగ్గించుమని కూరగాయలామెతోని కొట్లాడింది. సాయంత్రం అదే పిల్ల నలభై అడుగుల మీద చెయ్యి విడిస్తే, మా అమ్మ చీర చెంగు నోట్ల పెట్టుకుని కూర్చున్నది. ఆ భయం టికెట్టు డబ్బులకు రాదు. బెండకాయల కాడ వస్తది.

ఆ కంపెనీల చరిత్ర కూడా ఒక కథే. జెమినీ సర్కస్‌ను 1951ల గుజరాత్‌లోని బిల్లిమోరాల మొదలుపెట్టిన శంకరన్ గారిది తలశ్శేరి ప్రాంతమే. అంతకు ముందే మన కోడి రామ్మూర్తి ఉన్నడు. విజయనగరంల సర్కస్ పెట్టి, ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకున్నడని మా తాత చెప్పేది. ఆయన చూసి చెప్పిండా, విని చెప్పిండా అని అడిగే ధైర్యం మాకు లేకపోయింది.

ఒక్క సర్కసే కాదు. జనగామ దిక్కు మాణిక్యాపురం చుక్క సత్తయ్య ఒగ్గుకథ చెప్తే తెల్లార్లూ కూర్చునేది. రూపాయి చదివించినోని పేరు కథల కలిపి పాడేది, మల్లన్న పెండ్లి నడుమ మా పక్కింటాయన పేరు వచ్చేది. ఆయన వారం రోజులు నేల మీద నడవలేదు. సురభి వాళ్లు షెడ్డు వేస్తే మాయాబజార్ ఎన్నిసార్లు చూసినమో లెక్కలేదు. 1885ల కడప జిల్లా సురభి ఊర్ల కీచకవధతోని మొదలైన కుటుంబం, తరాల తరబడి అదే పని. లడ్డూలు ఎగిరొచ్చి ఘటోత్కచుని నోట్ల పడుతుంటే ముందు వరసల కూర్చున్న మాకు దారం కనపడేది. కనపడ్డా నోరు తెరిచేటోళ్లం. దారం లాగేటోడు ఎవడో తెలుసు గనక, వాడు సరిగ్గ లాగిండా లేదా అన్నది మా పంచాయితీ. దారం చిక్కుపడి లడ్డూ నడుమల ఆగితే ఒకటే నవ్వు, మళ్లొకసారి లాగమని ఒకటే లొల్లి.

పద్యనాటకం సంగతి చెప్పనే అక్కర్లేదు. పీసపాటి కృష్ణుడైతేంది, షణ్ముఖి ఆంజనేయరాజు అయితేంది, రాగం సాగదీసి ఒక అంచుకు తెచ్చి వదిలిపెట్టంగనే ఎనకనుంచి ఎవడో "వన్స్ మోర్" అని అరిచేది. మళ్ల మొదటి నుంచి పాడాల్సిందే. కౌరవ సభ ఆగుతది, దుర్యోధనుడు మీసం మీద చెయ్యేసుకుని నిలబడతడు, హార్మోనియం ఆయన మళ్ల శ్రుతి అందుకుంటడు. కాటిసీనుల హరిశ్చంద్రుడు ఏడుపు ఆపి ఏడుపు పద్యమే మళ్ల పాడేది. కథ పాడైతదని ఎవడన్నా అన్నడా? కథ అందరికి తెలిసిందే. మాకు కావాల్సింది ఆ గొంతు, ఆ గొంతును మళ్ల రప్పించే హక్కు మాది.

ఇగ ఐసు సంగతి.

పెద్ద స్టేడియం. గేటుకాడ సంచులు విప్పిచ్చి చూసిన్రు. మా ఇంటామె మనుమరాలి కోసం కట్టుకొచ్చిన సకినాల పొట్లం ఆ గేటుకాడనే బుట్టల పడ్డది. బయట తిండి లోపటికి రావద్దట. లోపట మాత్రం మక్కపేలాలు అమ్ముతున్నరు, ఆ ధరకు ఇక్కడ క్వింటాలు మక్కలు రాకున్నా సగం సంచయితే వస్తయి. సర్కస్‌ డేరాల సర్వపిండి తిననోడు ఉన్నడా? ఏనుగుకు కూడా పెట్టేటోళ్లం.

మా సీట్లు ఎంత మీదున్నయంటే కిందున్న మనిషి మొఖం తెరమీద చూసుకోవాలె. ఆ తెర మీదనే కాసేపటికొకసారి "గట్టిగ అరవండి" అని అక్షరాలు వచ్చేవి. అందరు అరిచేది. అక్షరాలు పోంగనే చప్పుడు కూడా పోయేది. నేను అడిగిన: "బాగుంటే అరుస్తం గని, చెప్తే అరుసుడేందిర?" కొడుకు ఫోనుల వీడియో తీస్తున్నడు, వినలేదు. ముందు వరసల కూర్చున్నోళ్లందరి చేతులల్ల ఫోన్లే. ఆట కిందుంటే అందరు తెరలు చూస్తున్నరు.

ఆట సంగతి కొస్తే, అబద్ధం ఎందుకాడాలె, వాళ్లు మామూలోళ్లు కాదు. మనుమరాలు చెవుల చెప్తనే ఉన్నది. బూటు కింద ఉండే ఆ ఇనుప పట్టీ మందం నాలుగు మిల్లీమీటర్లేనట. దాని అడుగున సన్నని గాడి, గాడికి అటో అంచు ఇటో అంచు. మనిషి మొత్తం ఒక్క అంచు మీద ఒరిగి పోతడు. దుంకుళ్లల్ల ఆక్సెల్ అని ఒకటున్నది. నార్వే దేశపాయన ఆక్సెల్ పాల్సెన్ 1882ల చేసిండట, ఆయన పేరే దానికి. మిగిలిన దుంకుళ్లు ఎనక మొఖం పెట్టి లేస్తరు, ఇదొక్కటి ముందు మొఖం పెట్టి లేస్తరు గనక అరచుట్టు ఎక్కువ తిరగాలె. నాలుగున్నర చుట్లు తిరిగినోణ్ని లోకం 2022 దాక చూడలేదు. ఇల్యా మాలినిన్ అనే పదిహేడేండ్ల పిలగాడు తిరిగిండు. గాలిల ఉండేది సెకను కూడా కాదు. దిగేటప్పుడు ఒంటి బరువుకు అయిదారింతలు ఆ ఒక్క కాలు మీద పడతది.

"మరి అంత కష్టమైతే మొఖంల కనపడదేందే?" అన్న.

"కనపడొద్దు తాతా, కనపడితే తప్పు" అన్నది.

ఇదీ నాకు మింగుడు పడనిది. కష్టం దాచిపెట్టుడు ఒక గొప్పట. ఉయ్యాల మీది పిల్ల చెయ్యి విడిచే ముందు చేతులకు సుద్దపొడి రుద్దుకునేది, కిందున్న వల వంక ఒకసారి చూసేది, ఎదుటోనికి తల ఊపేది. అంతసేపు డప్పు గుబగుబ. మేము కూడా ఆ దుంకుడుకు తయారయ్యేటోళ్లం. ఇక్కడ తయారు కావడానికి టైమే ఇయ్యరు. నవ్వుకుంట వస్తరు, నవ్వుకుంట లేస్తరు, నవ్వుకుంట దిగుతరు. లేచింది ఎప్పుడో మనుమరాలు చెప్తేగని నాకు తెలువలేదు.

నా గులుగుడు ఆపిందల్ల ఇంటర్వెల్. మక్కపేలాల కోసం అందరు బయటికి పోతే మనుమరాలు నన్ను కింద రెయిలింగు దాక తీసుకపోయింది. మీదికెళ్లి అద్దంలెక్క కనపడిన ఐసు దగ్గరికి పోయి చూస్తే మొత్తం గీతలే. వంకరగీతలు, సున్నాలు, దుంకేటప్పుడు బూటు ముందటి పండ్లు పొడిచిన గుంటలు. గుంటల అంచుకు తెల్లని పొడి లేచి ఉన్నది. వాళ్లు నవ్వుకుంట దాచినదంతా ఐసు మీద రాసి ఉన్నది. అది చూసినంక నాకు పాణం కుదుట పడ్డది. ఇంతలనే జాంబోనీ బండి వచ్చింది.

ఆ బండి సంగతి నేను చెప్పక తప్పదు, రైల్వే ఇంట పుట్టినోణ్ని. కింద పొడుగాటి కత్తి ఉంటది, ఐసును సన్నగ చెక్కుకుంట పోతది. చెక్కిన పొడిని మరలతోని ఎత్తి కడుపుల వేసుకుంటది. ఎనక ఒక గుడ్డ ఈడ్చుకుంట పోతది, దాంట్లకెళ్లి నీళ్లు. చల్లనీళ్లు కాదు, వేడినీళ్లు! వేడినీళ్లైతే పాత ఐసు పై పొర కొద్దిగ కరిగి కొత్తదాంతోని కలిసిపోయి గట్టి పడతది. ఐసు మందం అంగుళం, అంగుళంన్నర. కింద గొట్టాలల్ల చల్లటి ద్రవం తిరుగుతనే ఉంటది, ఐసును సున్నాకు కొన్ని డిగ్రీల కింద ఉంచుతది. ఒక్క డిగ్రీ అటిటైతే పైనున్నోని దుంకుడు మారిపోతది. ఇంత పని నడుస్తుంటే చూడటానికి ఆ స్టేడియంల మిగిలింది నేను, నా మనుమరాలు, ఇద్దరు చిన్న పిలగాండ్లు. ఆ బండి కనిపెట్టిన ఫ్రాంక్ జాంబోనీది కాలిఫోర్నియాల ఐసు దిమ్మెల వ్యాపారం. ఇండ్లల్ల ఫ్రిజ్‌లు వచ్చి దిమ్మెలు కొనేటోళ్లు తగ్గితే స్కేటింగ్ రింకు పెట్టిండు, 1949ల ఈ బండి చేసిండు. మా వరంగల్‌ల కూడా ఐసు ఫ్యాక్టరీల దిమ్మెలు రంపపొట్టుల చుట్టి రిక్షాల మీద పోతుండేవి. మే నెల ఎండల ఇల్లు చేరేసరికి సగం రోడ్డు మీదనే కారిపోయేది. దాని మీద ఆడొచ్చని ఎవడనుకున్నడు? మేము చీకినం.

రెండో సగంల రెండు ముచ్చట్లు జరిగినయి.

మొదటిది, ఒకాయన ఎనకకు పల్టీ కొట్టిండు. ఐసు మీద, వల లేకుండ, కాళ్లకు కత్తులు కట్టుకుని. దీని కథ గమ్మతి. 1976 ఒలింపిక్స్‌ల టెర్రీ కుబికా అనే అమెరికాయన కొడితే, అంతర్జాతీయ సమాఖ్య వాళ్లు పోటీలల్ల అది వద్దని నిషేధం పెట్టిన్రు. 1998ల నగానోల ఫ్రాన్స్ పిల్ల సూర్యా బొనాలీ నిషేధం తెలిసే కొట్టింది, ఒంటికాలు మీద దిగింది, మార్కులు పోగొట్టుకున్నది. 2024ల నిషేధం ఎత్తేసిన్రు. ఇన్నేండ్లు ఆ పల్టీకి ఆసరా అయింది ఊరూరు తిరిగే టికెట్టు ఆటలే. స్కాట్ హామిల్టన్ అని 1984ల ఒలింపిక్ బంగారం గెలిచినాయన దీన్ని తన ముద్ర చేసుకున్నడు. ఐస్ కపేడ్స్ అనే పాత కంపెనీ ఆయన ఒప్పందం పొడిగించకపోతే 1986ల స్టార్స్ ఆన్ ఐస్ అని కొత్త కంపెనీనే నిలబెట్టిండు. పోటీ పెట్టే పెద్దమనుషులు వద్దన్నదాన్ని జనం కావాలన్నరు. చూసేటోని పావువంతు ఇట్లాంటి కాడనే ఉంటది.

ఆ పల్టీ చూసి నేను ఊకుంటనా? లేచి నిలబడి "వన్స్ మోర్!" అన్న. గొంతు ఇంకా ఉన్నది నాకు. నాలుగు వరసలు ఎనకకు తిరిగినయి. మా ఇంటామె చెయ్యి గుంజింది: "కూసోండి, పోలీసులొస్తరు." పల్టీ కొట్టినాయన మాత్రం పాట ఎంబడి పోయిండు. పాట రికార్డుది, అది ఎవని కోసం ఆగది.

రెండోది, ఒక పిల్ల దుంకి దిగంగనే కాలు జారి కూలబడ్డది. అరక్షణంల లేచింది, నవ్వు చెదరలేదు, పాట ఎక్కడున్నదో అక్కడికి పోయి కలిసింది. అందరు చప్పట్లు కొట్టిన్రు. నేను మాత్రం ఎదురుచూస్తనే ఉన్న, ఆ దుంకుడు మళ్ల దుంకుతదేమోనని. దుంకలేదు. మా సర్కస్‌ల ఉయ్యాల తప్పి వలల పడితే తాడు పట్టుకుని మళ్ల మీదికెక్కేటోళ్లు. బ్యాండు ఆగి మళ్ల అందుకునేది. ఊరంతా ఊపిరి బిగవట్టి కూర్చునేది. చేసి చూపిచ్చినంకనే కిందికి దిగుడు. తప్పిన ఫీటును తప్పినట్టే వదిలేసి నవ్వుకుంట పోతే మాకు నిద్ర పట్టేది కాదు. నాకు ఆ రాత్రి పట్టలేదు కూడా.

సర్కస్‌ల అంతా బంగారమే అని అనను. బోనుల పులి అటు మూడడుగులు ఇటు మూడడుగులు తిరుగుడు చూసినోణ్ని. పులులు, సింహాలు, ఎలుగుబంట్లు, కోతులతోని ఆటలు వద్దని కేంద్రం ఆర్డరిస్తే 2001ల సుప్రీంకోర్టు కూడా సరే అన్నది. 2011ల చిన్న పిల్లలను పనికి పెట్టొద్దన్నది. రెండూ మంచి పనులే. బెండకాయలు బేరమాడిన ఆ పిల్ల వయసు ఎంతో ఇప్పుడు తలుచుకుంటే నాకే మంచిగనిపియ్యది. కని డేరాతోని పాటు మేకులు కొట్టుడు చూసే ముచ్చట, నెలరోజుల చుట్టరికం కూడా పోయినయి, వాటిని ఏ కోర్టు వద్దన్నది?

మనకాడ మాత్రం ఏం తక్కువున్నది? హైదరాబాద్ పిలగాడు అనూప్ కుమార్ యామ 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలల్ల చక్రాల బూట్ల మీద ఇవే దుంకుళ్లు, ఇవే చుట్లు తిరిగి రెండు కంచు పతకాలు తెచ్చిండు. ఒకటి ఒంటరిగ, ఒకటి అవని పాంచాల్‌తోని జంటగ. 2015ల అర్జున అవార్డు ఇచ్చిన్రు. హన్మకొండల ఆయన పేరు ఎంతమందికి తెలుసో అడిగి చూడండి. న్యూజెర్సీల వందల డాలర్లు పోసి తెల్లోళ్ల ఆట చూసే మా కొడుక్కు తెల్వదు. ఇగ ఇక్కడ కాళోజీ కళాక్షేత్రానికి 2014 సెప్టెంబరు 9న పునాదిరాయి వేసి 2024 నవంబరు 19న తలుపులు తెరిచిన్రు. పదేండ్లు. డేరా రెండు రోజులల్ల లేచేది. కళాక్షేత్రం బాగనే ఉన్నది, కుర్చీలు మెత్తగనే ఉన్నయి, ఆ మెత్తదనానికే జనం కునుకుతున్నరు.

ఐసు ఆట మన ఊరికి రాదా అంటే ఎందుకు రాదు? 1943లనే హాలిడే ఆన్ ఐస్ అనే కంపెనీ ఎంబడి తీసుకపోయే ఐసు నేలతోని ఊర్లు తిరుగుడు మొదలుపెట్టింది. గొట్టాలు పరుచుకుంట, నీళ్లు పొరపొరగ గడ్డకట్టిచ్చుకుంట పోతే ఎక్కడైనా ఐసు వేయొచ్చు, కరెంటు ఉంటే చాలు. ఇదే సంగతి మనుమరాలికి చెప్పి, వరంగల్‌కు రావాలంటే నా షరతులు ఇవీ అని ఏకరువు పెట్టిన. ఐసు గడ్డకట్టిచ్చుడు జనానికి చూపియ్యాలె, టికెట్టు లేకుండ. నెలకు తక్కువ ఉండొద్దు. ముందు వరసలు పిల్లలకు, నేల టికెట్టుకు. ఆడేటోళ్లు పొద్దున మార్కెట్టుకు రావాలె. సకినాలు లోపటికి రానియ్యాలె. జాంబోనీ బండి తిరిగేటప్పుడు బ్యాండు కొట్టాలె. దుంకుడు తప్పితే పాట ఆపి మళ్ల దుంకాలె. వన్స్ మోర్ అంటే వన్స్ మోరే.

మనుమరాలు అంతా ఇన్నది. డిస్నీ ఆన్ ఐస్ నడిపే ఫెల్డ్ కంపెనీదే రింగ్లింగ్ బ్రదర్స్ సర్కస్ కూడా అని మొన్ననే నాకు చెప్పింది అదే. ఇప్పుడు మాత్రం మొఖం చిట్లిచ్చి, "తాతా, అట్ల చేస్తే అది ఐస్ షో కాదు, సర్కస్" అన్నది.

"మరి ఇంతసేపు నేను చెప్తున్నదేందే?" అన్న.